కాఫీ కొండల్లో పురుగు ఎక్కడ ఆగుతుంది?

కొండ మీద పండే కాఫీకి రుచి ఎక్కువ, పురుగు తక్కువ అనే మాట కాఫీ పండే ప్రతి దేశంలోనూ వినిపిస్తుంది. రుచి సంగతి అలా ఉంచితే, పురుగు విషయంలో అది సగం నిజమే. 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ మండలం చినలబుడు పంచాయతీ పరిధిలో కాఫీ కాయ తొలుచు పురుగు బయటపడింది. అరకు ప్రాంతంలో అది కనిపించడం అదే తొలిసారి. పురుగు సోకిన తోటల్లో కాయలు దూయించి, మరిగే నీటిలో వేయించి, పాతిపెట్టించారు. అరకు కాఫీ ఎక్కువగా 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున పండుతుంది కాబట్టి ‘అంత ఎత్తుకు పురుగు ఎలా వచ్చింది?’ అని చాలామంది ఆశ్చర్యపోయారు.

ఆ ప్రశ్న అడగడంలోనే చిక్కు ఉంది. పురుగుకు ఎత్తుతో పని లేదు. దానికి కావలసింది తగినంత వేడి, తేమ, నీడో ఎండో, తినడానికి కాయ. కొండ ఎక్కుతుంటే ఇవన్నీ మారుతాయి, కానీ ఒకే తీరుగా మారవు, ఒకదానితో ఒకటి జతకట్టి కూడా మారవు. సముద్రమట్టం నుంచి ఇన్ని మీటర్లు అని మనం చెప్పే ఒక్క అంకెలో ఈ సంగతులన్నీ కలగలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూస్తే తప్ప ఏ వాలులో పురుగు చేరుతుందో, ఏ వాలులో చేరదో అర్థం కాదు.

ముందు పురుగును దగ్గరగా చూద్దాం. నల్లటి పెంకు పురుగు, పొడవు రెండు మిల్లీమీటర్ల లోపే. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర సూదిమొన పట్టేంత రంధ్రం చేసి, లోపలి గింజ దాకా తొలుచుకుంటూ వెళ్లి, ఆ సొరంగంలోనే గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన లద్దె పురుగులు గింజనే తింటూ పెరుగుతాయి. పుట్టేవాటిలో పదింట తొమ్మిది వంతులు ఆడవే. మగపురుగుకు ఎగిరే శక్తి లేదు. పుట్టిన కాయలోనే తోబుట్టువులతో జతకట్టి అక్కడే చనిపోతుంది. కాయ నుంచి బయటికి ఎగిరే ఆడపురుగు అప్పటికే జతకట్టి ఉంటుంది కాబట్టి కొత్త చోట మగతోడు వెతుక్కోవలసిన అవసరం దానికి లేదు. ఒక్కటి చేరినా కొత్త సంతతి మొదలవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

వేడి లెక్క

పురుగుల ఒంటికి సొంత వేడి ఉండదు. చుట్టూ ఉన్న వేడిని బట్టే వాటి ఎదుగుదల సాగుతుంది. ఈ పురుగు మీద ప్రయోగశాలలో చేసిన పరిశోధన ఒకటి 2009లో అచ్చయింది. దాని ప్రకారం సుమారు 14.9 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో పురుగు ఎదగదు, 32 డిగ్రీలు దాటినా తట్టుకోలేదు. ఆ కింది హద్దుకు పైన ఉన్న ప్రతి డిగ్రీ, ప్రతి రోజూ, హుండీలో చిల్లర పడినట్టు జమ అవుతూ పోతుంది. ఆ జమ సుమారు 260కి చేరితే గుడ్డు కాస్తా పెద్ద పురుగవుతుంది.

ఇప్పుడు కొండ ఎక్కి చూద్దాం. సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలున్న తోటలో రోజుకు ఏడు డిగ్రీల చొప్పున జమ పడి, 37 రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. గాలి ఉష్ణోగ్రత కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి 500 మీటర్లు పైన ఉన్న తోటలో సగటు దాదాపు 19 డిగ్రీలే ఉంటుంది. అక్కడ రోజుకు నాలుగు డిగ్రీలే జమ పడతాయి, తరానికి 63 రోజులు పడుతుంది. తగ్గింది మూడు డిగ్రీలే అయినా తరం వ్యవధి డెబ్బై శాతం పెరిగింది. కాయ పురుగుకు అనువుగా ఉండేది ఐదు నెలలనుకుంటే కింది తోటలో నాలుగు తరాలు, పై తోటలో రెండే. ప్రతి ఆడపురుగు పది ఆడపిల్లలను కంటుందని ఉదాహరణకు అనుకుందాం. కింద ఒకటి పదివేలవుతుంది, పైన వంద దగ్గరే ఆగిపోతుంది. ఎత్తు కాపాడుతుందన్న నమ్మకం ఇక్కడి నుంచే వచ్చింది. గమనించవలసింది ఏమిటంటే, పైన ఉన్న చలి పురుగును చంపడం లేదు, దాని పని ఆలస్యం చేస్తోంది, అంతే.

చల్లని దేశాల కొండల్లో కథ వేరు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పైన్ చెట్ల బెరడు కింద బతికే పెంకు పురుగుకు శీతాకాలపు చలే గట్టి కాపలా. మైనస్ 40 డిగ్రీల దగ్గర లద్దె పురుగులు పెద్దఎత్తున చనిపోయేవి. అంత గట్టి చలికాలాలు అరుదైపోయాక, 1990ల చివరి నుంచి అక్కడ 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవి దాని బారిన పడింది. 2006లో గాలివాటున రాకీ పర్వతాలు దాటి అల్బర్టాలోకి గుంపులుగా దిగింది. అక్కడ కాపలా అంటే ఏడాదికి ఒకటి రెండు రాత్రుల మాట. మన కొండల్లో అలాంటి రాత్రులు లేవు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడిందంటే వార్త అవుతుంది, పర్యాటకులు వస్తారు, కానీ కాయలో దాగిన పురుగుల సంతతి దానితో తుడిచిపెట్టుకుపోతుందని ఆశించడానికి లేదు. ఉష్ణమండలపు కొండ మీద పురుగుకు హద్దు గీసేది చావు కాదు, నిదానం.

సగటు అనే మాటలోనూ ఒక ఉచ్చు ఉంది. రాత్రి 8 డిగ్రీలు, మధ్యాహ్నం 24 డిగ్రీలు ఉండే శీతాకాలపు రోజును తీసుకోండి. సగటు 16. హద్దు 14.9 కాబట్టి రోజుకు ఒక్క డిగ్రీ పైచిలుకే జమ పడుతుందని కాగితం మీద తేలుతుంది. గంట గంటకూ లెక్క వేస్తే మాత్రం మూడు డిగ్రీల దాకా వస్తుంది. ఎందుకంటే రాత్రి ఎంత చల్లబడినా జమ అయినది వెనక్కి పోదు, పగటి వేడి మాత్రం లెక్కలోకి వస్తుంది. పగటికీ రాత్రికీ తేడా ఎక్కువగా ఉండే కొండ ప్రాంతాల్లో నెలసరి సగటు చూసి ‘ఇక్కడ పురుగుకు చలి ఎక్కువ’ అని తీర్మానించేవాళ్లు ఆ మేరకు మోసపోతారు.

ఇథియోపియాలోని జిమ్మా ప్రాంతం వాతావరణ రికార్డులను ఇదే లెక్కతో తిరగేసినప్పుడు ఒక విషయం తేలింది. 1984కు ముందు అక్కడ ఏడాదిలో ఒక్క తరం పూర్తి చేసుకోవడానికి కూడా పురుగుకు వేడి చాలేది కాదు. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండు తరాలు సాధ్యమయ్యాయి. అరబికా కాఫీకి పుట్టిల్లయిన కొండల్లోనే దాని ప్రధాన శత్రువుకు చాలాకాలం చోటు లేదన్న మాట. ఆ శత్రువు పుట్టింది కూడా ఆఫ్రికాలోనే.

టాంజానియాలోని కిలిమంజారో వాలులో ఈ పురుగు పదేళ్ల వ్యవధిలో సుమారు 300 మీటర్లు పైకి పాకిందన్న పరిశీలనను వాతావరణ మార్పుకు రుజువుగా తరచు చూపిస్తారు. నాకు ఆ వాదన పూర్తిగా మింగుడుపడదు. 300 మీటర్లంటే ఉష్ణోగ్రతలో దాదాపు రెండు డిగ్రీలు. పదేళ్లలో ఏ కొండా రెండు డిగ్రీలు వేడెక్కలేదు. వేడెక్కడం అబద్ధమని దీని అర్థం కాదు. వేడి పెరిగి తలుపు తెరిచి ఉండవచ్చు. ఆ తలుపు లోంచి పురుగు అంత వేగంగా పైకి పోవాలంటే నీడచెట్లు కొట్టేయడం, పై వాలులో కొత్తగా కాఫీ నాటడం, కాయల బస్తాలు కిందికీ పైకీ తిరగడం వంటివి కూడా తోడై ఉండాలి. లేదా అంతకుముందే అక్కడ ఉండి, ఎవరూ వెతకకపోవడం వల్ల కనిపించకపోయి ఉండాలి. ఒక్క కారణంతో కొండను వివరించబోతే లెక్క తప్పుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒకే ఎత్తు, వేరు వేరు వాలులు

వెయ్యి మీటర్ల దగ్గర కొండ చుట్టూ ఒక గీత గీస్తే ఆ గీత మీద ఉన్న తోటలన్నీ ఒకేలా ఉండవు. అరకు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు ఏ వాలుకైనా ఎండ పెద్ద తేడా లేకుండా పడుతుంది. కాయ పండే నవంబరు నుంచి కోతలు ముగిసే దాకా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. సరిగ్గా పురుగుకు కాయ అందుబాటులో ఉండే ఆ రోజుల్లోనే దక్షిణపు వాలు వెచ్చగా, ఉత్తరపు వాలు చల్లగా ఉంటాయి. పడమటి వాలు మధ్యాహ్నం తర్వాతి ఎండను పట్టుకుంటుంది, తూర్పు వాలు ఉదయపు మంచు తొలగేసరికే ఎండను సగం పోగొట్టుకుంటుంది.

రాత్రిపూట ఇంకో తిరకాసు. మబ్బు లేని శీతాకాలపు రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది. అప్పుడు లోయ నేల కంటే వంద మీటర్లు పైన ఉన్న తోటే వెచ్చగా ఉంటుంది. ఎక్కేకొద్దీ చలి అన్న సూత్రం ఆ కొన్ని గంటలు తలకిందులవుతుంది. వాతావరణ కేంద్రం లోయలో, బయలు చోట ఉంటే అది నమోదు చేసే అంకెకు, కొండ నడుమ సిల్వర్ ఓక్ నీడలో ఉన్న కాయ లోపలి వేడికి పొంతన ఉండదు.

ఇక నీడ. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీ ఎక్కువగా సిల్వర్ ఓక్ చెట్ల కింద పెరుగుతుంది, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. ఈ ప్రాంతపు అరబికాకు పాత శత్రువు తెల్ల కాండం తొలుచు పురుగు. దాని పెద్ద పురుగుకు ఎండంటే ఇష్టం. దక్షిణ భారతంలో ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి ఎగురుతుంది. ఎండ తగిలే కాండం చూసుకుని బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. అందుకే కాఫీ బోర్డు చెప్పే జాగ్రత్తల్లో మొదటిది తగినంత నీడ ఉంచడం. పొడి బెరడును చేతితో రుద్ది తీసేయడం, సోకిన మొక్కలను పురుగు ఎగిరే కాలానికి ముందే పెరికి కాల్చేయడం ఆ తర్వాతి మాటలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండల్లో పెద్ద సంఖ్యలో నీడచెట్లను కూల్చింది. గొడుగు పోయిన తోట ఏ ఎత్తున ఉన్నా కాండం తొలిచే పురుగుకు అనువైనదే.

కాయ తొలిచే పురుగు దగ్గరికి వచ్చేసరికి నీడ గురించి పరిశోధకులే ఒక్కమాట మీద లేరు. తూర్పు ఆఫ్రికాలో నీడ తోటల్లో పురుగు తక్కువగా కనిపించింది. నీడ తోటలో రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండడం అందుకు కారణమని చెప్పారు. మరికొన్ని చోట్ల దట్టమైన నీడలో తేమ నిలిచి పురుగు పెరిగిందని చెప్పారు. రెండూ నిజమే కావచ్చు. వెచ్చని కింది వాలులో నీడ వేడిని తగ్గించి మేలు చేస్తుంది. అసలే చల్లగా, తడిగా ఉన్న చోట అదే నీడ ఇంకా దట్టమైతే వేడిలో తగ్గేది కొంచెమే, పురుగుకు నచ్చే తేమ మాత్రం నిలిచిపోతుంది. కాయ పురుగుకు భయపడి నీడచెట్ల కొమ్మలు అతిగా నరికిన రైతు కాండం పురుగును పిలిచినవాడవుతాడు. ఒకే మొక్క మీద బతికే రెండు పురుగులు రెండు రకాల వాతావరణం కోరుకుంటున్నాయి. ‘కాఫీ పురుగుకు ఇష్టమైన చోటు’ అనే పటం ఒకటే గీయడం కుదరదు.

వాన కూడా ఇందులో పాత్రధారే. కోతలు అయిపోయాక చెట్టు మీద మిగిలిపోయి ఎండినవి, కింద రాలి నల్లబడ్డవి, ఇవే వేసవిలో కాయ పురుగుకు ఇల్లు. పొడి వాతావరణం ఉన్నంతకాలం ఆడపురుగులు ఒకే కాయలో గుంపుగా కూర్చుని ఎదురుచూస్తాయి. తొలకరి పడి గాలిలో తేమ పెరగగానే బయటికి ఎగురుతాయి. అప్పటికి కొత్త కాయలో గింజ గట్టిపడి ఉండాలి, లేకపోతే పురుగు కాయలో తొలిచిన రంధ్రం మొదట్లోనే ఆగి వేచి ఉంటుంది. మార్చి, ఏప్రిల్ జల్లులకు పూత ఒక్కసారిగా వస్తే కాయలన్నీ ఒకే వయసులో ఉంటాయి, పురుగుకు మేత లేని విరామం కొన్ని నెలలు దొరుకుతుంది. జల్లులు విడతలు విడతలుగా పడితే ఒకే కొమ్మ మీద పిందె, కాయ, పండు కలిసి కనిపిస్తాయి, విరామం తగ్గిపోతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కొలంబియాలో ఏడాది పొడవునా ఎంతో కొంత పూత, చాలాచోట్ల ఏడాదికి రెండు కోతలు ఉంటాయి. 1988లో అక్కడ అడుగుపెట్టాక ఈ పురుగును అదుపు చేయడం అంత కష్టం కావడానికి అదొక ముఖ్య కారణం. ఏడాదికి ఒక్కటే కోత ఉండడం మన కొండలకున్న పెద్ద సౌకర్యం, దాని విలువ మనం సరిగా గుర్తించడం లేదనుకుంటాను.

ఆ తేమే పురుగుకు పగవాడిని కూడా పెంచుతుంది. బవేరియా అనే తెల్ల బూజు ఈ పురుగు ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది. దానికి తడి కావాలి, నేరుగా ఎండ తగిలితే అది నిలవదు.

పొరుగు ఎవరు?

తోట లోపల ఏముందన్నది ఎంత ముఖ్యమో, పక్కన ఏముందన్నదీ అంతే ముఖ్యం. కోస్టారికాలోని కాఫీ కొండల్లో చేసిన పరిశీలనల్లో చుట్టుపక్కల కాఫీ వాటా ఎక్కువైన చోట కాయ పురుగు ఎక్కువగా, మధ్యలో అడవి తునకలు అడ్డొచ్చిన చోట తక్కువగా కనిపించింది. ఆడపురుగు ఎక్కువ దూరం ఎగరలేదు. కాఫీ లేని కొన్ని వందల మీటర్లు దానికి పెద్ద దూరమే. ఆ దేశంలోనే జరిగిన మరో అధ్యయనం 2013లో వచ్చింది. పక్షులు కాఫీ మొక్కల దగ్గరికి రాకుండా వలలు కట్టి చూస్తే, పక్షులు తిరిగే చోట పురుగు నష్టం దాదాపు సగానికి తగ్గుతోందని తేలింది. ఆ పక్షులకు గూడు దగ్గర్లోని అడవి. అరకు కొండల్లో పోడు, అడవి, కాఫీ, రాగి చేలు ముక్కలు ముక్కలుగా కలిసి ఉండడాన్ని వెనుకబాటుతనంగా చూసే అధికారులు, నిపుణులు ఉన్నారు. పురుగు కోణం నుంచి చూస్తే ఆ అతుకుల బొంత తోటకు మేలే చేస్తుంది.

అంతకంటే పెద్ద పొరుగు లెక్క ఒకటుంది. మన దేశంలో ఈ పురుగు మొదట కనిపించింది 1990లో, నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర. అక్కడి నుంచి వయనాడు, కొడగు తోటలకు త్వరగానే పాకింది. ఎందుకంటే ఆ తోటలు ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నాయి. అరకుకు చేరడానికి మాత్రం 35 ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా అరకు కొండలు పురుగుకు చల్లగా లేక కాదు. వేడి లెక్క ప్రకారం చూస్తే వెయ్యి మీటర్ల ఎత్తున అది ఎప్పుడో బతకగలిగేదే. పడమటి కనుమలకూ మనకూ మధ్య కాఫీ మొక్క లేని, వేసవిలో 40 డిగ్రీలు దాటే మైదానం ఉంది. ఎగిరి దాటలేని ఆ మైదానమే ఇన్నాళ్లూ కాపలా కాసింది. మనం మాత్రం ఆ గొప్పతనాన్ని ఎత్తుకు కట్టబెట్టాం.

మైదానాన్ని పురుగు దానంతట అది దాటే దారి దాదాపు లేదు. సరిగా ఎండని కాఫీ, వాడేసిన గోనె సంచి, కోతకు పరిచే పట్టా, లారీ అడుగున చిక్కుకున్న నాలుగు కాయలు, ఇవే దాని వాహనాలు. జతకట్టి బయల్దేరే ఆడపురుగు ఒక్కటి ఉన్నా కొత్త సంతతి మొదలవుతుందని ముందు చెప్పుకున్నది ఇక్కడ పనికొస్తుంది. అరకులో కాయలు చిన్న చిన్న కమతాల నుంచి సంచుల్లో కదిలి, ఊరి కల్లాలకో, కాయల తొక్క తీసే పల్పింగ్ యూనిట్లకో చేరతాయి. పురుగు ఒకచోట ఉందంటే తర్వాత ఎక్కడ కనిపించవచ్చో కొండ పటం కంటే ఆ సంచులు తిరిగే దారి బాగా చెబుతుంది.

కాబట్టి ఈ కొండల్లో పురుగు కోసం వెతికేవాళ్లు ఎత్తు ప్రకారం కింద నుంచి పైకి వెళ్లడం కంటే వేరే వరసలో వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. మొదట కొనుగోలు కేంద్రాలు, పల్పింగ్ యూనిట్లు, ఎండబెట్టే కల్లాల చుట్టూ ఉన్న తోటలు. తర్వాత దక్షిణ, పడమర వాలుల్లోని తోటలు, విడతలుగా పూసినవి. వాటితోపాటు ధర గిట్టక, కూలీలు దొరక్క, వాలు మరీ నిటారుగా ఉండి పూర్తిగా కోయకుండా వదిలేసినవి. ఈ చివరి రకం ఎక్కువగా పైవాలుల్లోనే ఉంటాయి. కోయని తోట 1,200 మీటర్ల మీద ఉన్నా పురుగుకు ఏడాది పొడవునా మేత పెడుతుంది. నిదానంగానైనా అక్కడ పెరిగి, వానాకాలం మొదట్లో కింది తోటలకు దిగుతుంది. చలికి ఆశపడి కాఫీని ఇంకా పైకి జరుపుకుంటూ పోదామన్నా ఈ జిల్లాలో 1,700 మీటర్లు దాటే శిఖరం లేదు, పైకి పోయేకొద్దీ చదును నేల తగ్గుతుంది, ఉన్నది అడవి.

చేయగలిగిన పనుల్లో ఖర్చు తక్కువైనది, విసుగు ఎక్కువైనది ఒకటే. కోతలు ముగిసిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్టు మీద మిగిలిన కాయలు, కింద రాలిన నల్ల కాయలు ఏరి మరిగే నీటిలో ముంచడం. తొలకరికి ముందే ఆల్కహాల్ వాసనతో పురుగును రప్పించే ఎరలను కట్టి ఏ వాలులో ఎన్ని పురుగులు పడుతున్నాయో రాసిపెట్టుకుంటే, మూడు నాలుగేళ్లలో ఈ కొండలకు సొంత పటం తయారవుతుంది. కిలిమంజారో అంకెలో, కొడగు అంకెలో తెచ్చి అరకుకు అతికించే పని అప్పుడు ఉండదు.